మూడు షిఫ్టుల పని, ఒక్క మనిషి

డిశ్చార్జి కాగితంలో చివరి నాలుగు వరుసలు ఎవరూ చదివి వినిపించరు. మందులు ఎలా వేయాలో, మళ్ళీ ఎప్పుడు తీసుకురావాలో చెబుతారు. మిగతాది మడిచి సంచిలో పెట్టుకుని ఇంటికి వచ్చేస్తారు. ఐసియులో వారాల తరబడి ఉండి, ప్రాణం దక్కి, కానీ కోలుకోకుండానే ఇంటికి చేరిన వాళ్ళ కుటుంబాలతో మాట్లాడే పని మీద మూడేళ్ళుగా తిరుగుతున్నాను. వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ ముందు ఆ కాగితం అడిగి చదువుతాను. దాదాపు అన్నిట్లోనూ ఒకటే మాట. గొంతులో గొట్టం శుభ్రం చేయాలి, కఫం లాగాలి. ముక్కు గొట్టం ద్వారా రెండు మూడు గంటలకొకసారి ద్రవాహారం ఇవ్వాలి. రెండు గంటలకొకసారి పక్క తిప్పాలి. కాళ్ళూ చేతులూ కదిలించాలి. ఇంగ్లీషులో ఈ వాక్యాలన్నీ కర్మణి ప్రయోగంలో ఉంటాయి. ఏం చేయాలో ఉంటుంది, ఎవరు చేయాలో ఉండదు. కర్త ఎవరో అందరికీ తెలుసు కనుక రాయనవసరం లేదనుకున్నారేమో.

పల్నాడులో ఒక ఊళ్ళో నేను కలిసిన ఆమె పేరు ఇక్కడ రాయను. భర్త లారీ డ్రైవరు. హైవే మీద ప్రమాదంలో తలకి దెబ్బ తగిలి నగరంలోని ఒక పెద్ద ఆసుపత్రిలో ముప్పై ఎనిమిది రోజులు ఐసియులో ఉన్నాడు. మొదటి రోజులు ప్రభుత్వ పథకంలో గడిచాయి, తర్వాతవి అరెకరం పొలంలో గడిచాయి. ఆ పొలం అయిపోయేసరికి వెంటిలేటరు తీశారు, గొంతు దగ్గర రంధ్రం చేసి పెట్టిన గొట్టం మాత్రం ఉంచారు. కళ్ళు తెరిచి చూస్తాడు, పిలిస్తే తల తిప్పుతాడు, అంతే. "ఇక మేం చేసేదేం లేదు, ఇంటి దగ్గర చూసుకోండి" అన్నారు. గొట్టంలో నుంచి కఫం లాగడం ఎలాగో ఒక నర్సు ఆమెకి ఒక మధ్యాహ్నం నేర్పించింది. నర్సుకి నాలుగేళ్ళు నేర్పే విద్యలో కష్టమైన భాగాన్ని ఆమె రెండు గంటల్లో నేర్చుకోవాల్సి వచ్చింది.

"అక్కడ నర్సమ్మలు పొద్దున ఒకరు, మధ్యాహ్నం ఒకరు, రాత్రికి ఒకరు మారేవాళ్ళమ్మా. నేను మారడానికి ఎవరున్నారు?" అని అడిగింది. మిరపకోతల కూలికి పోవడం మానేసింది. పదో తరగతి చదువుతున్న కూతురు బడికి సగం రోజులు పోతోంది, సగం రోజులు తండ్రి మంచం దగ్గర ఉంటోంది. కరెంటు పోతే కఫం లాగే మిషను ఆగిపోతుంది. వానాకాలం రాత్రుల్లో తల్లీకూతుళ్ళిద్దరూ వంతులు వేసుకుని మేలుకుంటారట, ఊపిరి చప్పుడు మారుతుందేమోనని.

ఈ ఇల్లు ప్రత్యేకమైనదేమీ కాదు. ప్రాణం నిలబెట్టే వైద్యం మన దగ్గర కూడా బాగా పెరిగింది. నిలబడిన ప్రాణాన్ని ఆ తర్వాత ఎవరు చూడాలన్నది మాత్రం ఎవరూ తేల్చలేదు. తేల్చకపోవడం వల్లే అది ఆడవాళ్ళ మీద పడింది.

ఇది వైద్యం సాధించిన విజయం నుంచి పుట్టిన సమస్య. 1952లో కోపెన్‌హాగెన్‌లో పోలియో విపరీతంగా వ్యాపించినప్పుడు, ఊపిరి కండరాలు చచ్చుబడిన రోగులకి గొంతులో గొట్టం పెట్టి గాలి సంచిని చేత్తో నొక్కుతూ బతికించవచ్చని బ్యోర్న్ ఇబ్సెన్ అనే డాక్టరు చూపించాడు. దాదాపు 1500 మంది వైద్య విద్యార్థులు వంతుల వారీగా రాత్రింబగళ్ళు నెలల తరబడి ఆ సంచులు నొక్కారు. ఈనాటి ఐసియుకి అదే మొదలని చెబుతారు. చేతుల స్థానంలోకి తర్వాత మిషన్లు వచ్చాయి. అంతకుముందు రెండు రోజుల్లో చనిపోయేవాళ్ళు బతకడం మొదలుపెట్టారు. అయితే వాళ్ళలో కొందరు మిషను నుంచి బయటపడలేరు, చావరు, లేవరు. 1985లో అమెరికాలో ఈ స్థితికి ఒక పేరు పెట్టారు. దీర్ఘకాలపు విషమస్థితి అని మనం చెప్పుకోవచ్చు. పక్షవాతం, తలదెబ్బ, వెన్నుపాము దెబ్బ, ఊపిరితిత్తుల జబ్బు, పెద్ద ఆపరేషను తర్వాత ఇన్‌ఫెక్షను, దారి ఏదైనా చివరికి చేరేది ఆ మంచానికే.

ఇలాంటి వాళ్ళ కోసం అమెరికాలో ప్రత్యేకంగా ఆసుపత్రులున్నాయి. వాటిలో కొన్ని పాత క్షయ ఆసుపత్రుల నుంచీ దీర్ఘవ్యాధుల ఆసుపత్రుల నుంచీ వచ్చినవే. 1983లో అక్కడి ప్రభుత్వ వైద్యబీమా అయిన మెడికేర్, జబ్బుని బట్టి ఆసుపత్రికి ఇంత అని ఒకే మొత్తం ఇచ్చే పద్ధతి పెట్టినప్పుడు, పేషెంట్లు సగటున 25 రోజులకు మించి ఉండే ఆసుపత్రులను అందులో నుంచి మినహాయించింది. ఈ కొలతే వాటికి గుర్తింపు అయింది. అవి మామూలు వృద్ధాశ్రమాలు కావు. రోజూ డాక్టరు చూస్తాడు, వెంటిలేటర్లుంటాయి, ఊపిరి వ్యాయామం నేర్పేవాళ్ళు, గాయాలు చూసే నర్సులు, ఫిజియోథెరపిస్టులు ఉంటారు. వెంటిలేటరు నుంచి మనిషిని మెల్లగా విడిపించడమే అక్కడి ముఖ్యమైన పని.

ఆ పని జరుగుతోందా? జరుగుతోంది. అలాంటి 23 ఆసుపత్రుల్లో వెంటిలేటరుతో చేరిన 1,419 మందిని గమనించి 2007లో ప్రచురించిన పరిశోధనలో, సగం కంటే కొంచెం ఎక్కువమంది వెంటిలేటరు నుంచి బయటపడ్డారు. నాలుగోవంతు మంది చనిపోయారు. మిగిలినవాళ్ళు మిషను మీదే ఉండిపోయారు. ఈ అంకె చూసినప్పుడల్లా నాకు మన ఊళ్ళ ఇళ్ళల్లో నేను చూసిన మంచాలు గుర్తొస్తాయి. "మేం చేసేదేం లేదు" అని ఇంటికి పంపిన వాళ్ళలో ఎందరికి చేయదగింది ఇంకా మిగిలి ఉందో మనకి తెలియదు, ఎవరూ ప్రయత్నించలేదు కనుక.

అమెరికాని ఆదర్శంగా చూపించడానికి ఇదంతా చెప్పడం లేదు. ఆ ఆసుపత్రుల్లో ఎక్కువభాగం లాభాపేక్షగల కంపెనీల చేతుల్లో ఉన్నాయి. పేషెంటు ఇన్ని రోజులు దాటి ఉంటేనే ఆసుపత్రికి పూర్తి డబ్బు అనే నియమం ఉన్నప్పుడు ఏమవుతుందో 2018లో కొందరు ఆర్థికవేత్తలు లెక్కలతో సహా చూపించారు. ఆ రోజు దాటిన వెంటనే డిశ్చార్జీలు ఒక్కసారిగా పెరుగుతున్నాయి. అంటే మనిషి కోలుకునే రోజు, బిల్లు పండే రోజు ఒకటే అవుతున్నాయి! ఖర్చు పెరిగిపోయిందని 2013లో చట్టం మార్చి, ముందు కనీసం మూడు రోజులు ఐసియులో ఉన్నవాళ్ళకీ, ఇక్కడ 96 గంటలకు మించి వెంటిలేటరు అవసరమైనవాళ్ళకీ మాత్రమే పూర్తి రేటు ఇస్తామన్నారు. అప్పటినుంచి ఆ ఆసుపత్రులు కొన్ని మూతబడుతూ వచ్చాయి. వాటి దగ్గర మనం తీసుకోవాల్సింది ఒక్కటే. ఐసియుకీ ఇంటికీ మధ్య ఒక దశ ఉంది, ఆ దశకి తగిన ఆసుపత్రి కావాలి అన్న ఒప్పుకోలు. దాన్ని ఎవరు నడపాలన్నది వేరే ప్రశ్న.

ఆ ప్రశ్నకి జవాబు మన దేశంలోనే ఉంది. మనం దానిని అలా చూడలేదు.

1973 నవంబరు 27న ముంబయిలోని కె.ఇ.ఎమ్. ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తున్న అరుణా శాన్‌బాగ్ మీద అదే ఆసుపత్రి స్వీపరు కుక్కగొలుసు మెడకి బిగించి అత్యాచారం చేశాడు. మెదడుకి రక్తం అందక ఆమె మళ్ళీ లేవలేదు. అతనికి హత్యాప్రయత్నం, దోపిడీ నేరాల మీద ఏడేళ్ళ శిక్ష పడింది. అత్యాచారం నేరం అసలు మోపనే లేదు. ఆ అన్యాయం గురించి స్త్రీల ఉద్యమం చాలా మాట్లాడింది, ఇంకా మాట్లాడుతుంది. తర్వాత జరిగిన దాని గురించి తక్కువ మాట్లాడాం. ఆమె 2015 మే 18న న్యుమోనియాతో చనిపోయేదాకా, అంటే నలభై ఒక్క ఏళ్ళ పైన, అదే ఆసుపత్రిలో, నాలుగో వార్డు పక్క గదిలో ఉంది. అరుణ చేరిన తర్వాత పుట్టిన అమ్మాయిలు నర్సులై వచ్చి ఆమెకి అన్నం తినిపించారు. 1980లలో ఆమెను అక్కడినుంచి తరలించాలని చూస్తే నర్సులు సమ్మె చేసి ఆపారు.

రచయిత్రి పింకీ విరానీ ఆమె తరఫున వేసిన పిటిషను మీద 2011 మార్చి 7న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు పరోక్ష కారుణ్యమరణానికి దారి తెరిచిందనే అందరికీ గుర్తుంది. నాకు గుర్తున్నది అందులోని ఇంకో విషయం. అన్నేళ్ళు మంచాన ఉన్న మనిషి ఒంటి మీద ఒక్క పడకపుండు కూడా లేదని కోర్టు గమనించింది, నర్సులను ఎంతగానో మెచ్చుకుంది. పత్రికలు కూడా ఆ మాటే రాశాయి. ప్రేమ అన్నారు, సేవ అన్నారు, తోబుట్టువుల అనురాగం అన్నారు.

ప్రేమ లేదని నేను అనను. తమతో పనిచేసిన మనిషిని వదిలేది లేదని సమ్మెకి దిగిన స్త్రీల ప్రేమని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ పడకపుండు రాకుండా ఆపింది మూడు షిఫ్టులు. రెండు గంటలకొకసారి పక్క తిప్పడం అంటే రోజుకి పన్నెండు సార్లు, అందులో మూడు నాలుగుసార్లు అర్ధరాత్రి నుంచి తెల్లవారే లోపు. ఒక నర్సు అలసిపోతే ఇంకో నర్సు వస్తుంది. సెలవు పెడితే వేరే నర్సుకి డ్యూటీ పడుతుంది. జీతం వస్తుంది. గాజుగుడ్డ అయిపోతే స్టోరు నుంచి తెస్తారు. ఒంటి మీద ఎరుపు కనిపిస్తే డాక్టరు అదే భవనంలో ఉంటాడు. మునిసిపల్ కార్పొరేషను, అంటే ఒక ప్రభుత్వ సంస్థ, ఆ ఖర్చంతా పెట్టింది. అమెరికాలో కంపెనీలు పేరు పెట్టి నడిపిన దీర్ఘకాల వైద్యాన్ని, మన దేశంలో ఒక ప్రభుత్వ ఆసుపత్రి పేరు పెట్టకుండా ఒక్క మనిషికి అన్నేళ్ళు నడిపి చూపించింది. అది సాధ్యమని తెలిశాక కూడా రెండో మనిషికి ఎందుకు ఇవ్వలేదన్నది మనం అడగలేదు.

ఇప్పుడు పల్నాడులో ఆమె లెక్క చూడండి. ఐసియులో వెంటిలేటరు మీద ఉన్న పేషెంటుకి ప్రతి షిఫ్టులోనూ ఒక నర్సు ఉండాలన్నది అందరూ ఒప్పుకున్న ప్రమాణం. వెంటిలేటరు తీశాక అంతమంది అక్కర్లేదు, నిజమే. ఒక నర్సు ఇద్దరినో ముగ్గురినో చూడొచ్చు. అయినా ఇరవై నాలుగు గంటలూ ఎవరో ఒకరు మెలకువగా ఉండాల్సిందే. ఇంట్లో ఆ మూడు షిఫ్టులూ ఆమె ఒక్కతే. వంట, నీళ్ళు, గేదె, అత్తగారి మందులు, అప్పులవాళ్ళకి జవాబు చెప్పడం అదనం. నేను వెళ్ళేసరికి భర్త నడుము కింద రెండు పుండ్లున్నాయి. అవి చూపించడానికి ఆమె సిగ్గుపడింది. "సరిగ్గా చూసుకోలేకపోయానమ్మా" అంది. కె.ఇ.ఎమ్. నర్సులకి దక్కిన మెప్పు వెనక ఉన్న షిఫ్టులు ఎవరికీ కనబడకపోతే, ఈమె పుండ్ల వెనక ఉన్న ఒంటరితనం కూడా కనబడదు. ప్రేమ ఉంటే పుండు రాదనే మాట తిరగేస్తే, పుండు వచ్చిందంటే ప్రేమ లేదనే అర్థం వస్తుంది. బంధువులు ఆమెని చూసిపోవడానికి వచ్చి అన్నది కూడా అదే.

స్త్రీల పని మీద లెక్కలు అడిగేవాళ్ళ కోసం, ప్రభుత్వమే వేసిన లెక్క ఉంది. 2024 సమయ వినియోగ సర్వే ప్రకారం 15 నుంచి 59 ఏళ్ళ స్త్రీలలో 41 శాతం మంది ఇంట్లోవాళ్ళ సంరక్షణ పనిలో ఉన్నారు, పురుషుల్లో 21.4 శాతం. స్త్రీలు రోజుకి సుమారు 140 నిమిషాలు, పురుషులు 74 నిమిషాలు ఆ పని మీద గడుపుతున్నారు. పిల్లల పెంపకం కూడా ఇందులోనే ఉంది. మామూలు ఇళ్ళ సగటు ఇది. మంచానపడ్డ మనిషి ఉన్న ఇంట్లో నిమిషాలు లెక్కపెట్టడం అయ్యే పని కాదు. మెలకువగా పడుకోవడాన్ని ఏ గడిలో రాస్తారు?

మంచం మీద ఉన్నది భార్య అయితే? నేను మాట్లాడిన ఇళ్ళు కొన్ని పదులే, వాటి మీద దేశానికంతా వర్తించే సూత్రం చెప్పను. కానీ అక్కడ చూసింది చెప్పకుండా ఉండలేను. భర్త పడితే భార్య చూస్తోంది. భార్య పడితే చాలాచోట్ల తల్లి చూస్తోంది. డిశ్చార్జి అయిన నెలకో రెండు నెలలకో ఆమెని పుట్టింటికి చేరుస్తున్నారు. అరవై ఏళ్ళు దాటిన తల్లి, ఒకప్పుడు పురుడు పోసి పంపిన కూతుర్ని మళ్ళీ ఎత్తి పక్క తిప్పుతోంది. ఖమ్మం జిల్లాలో ఒక తల్లి నాతో, "పెళ్ళప్పుడు ఇచ్చింది వెనక్కి రాలేదు గానీ పిల్ల వచ్చింది" అంది. ఆ తల్లి తర్వాత ఎవరు? ఆ ఇంట్లో ఆ ప్రశ్న నేను అడగలేదు, ఆవిడ రోజూ అడుగుకుంటున్నదే కనుక. స్త్రీని ఐసియులో ఎక్కువ రోజులు ఉంచాలా వద్దా అనే నిర్ణయం దగ్గరే తేడా మొదలవుతుందని కూడా నర్సులు చెప్పారు. దాని మీద విడిగా రాయాలి.

ప్రభుత్వం ఏం చేస్తోంది? 2007లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పటినుంచి మన రాష్ట్రాల్లో ప్రజల ఆరోగ్యం మీద పెట్టే డబ్బుకి ఒక రూపం వచ్చింది. ఫలానా ఆపరేషనుకి, ఫలానా చికిత్సకి ఇంత అని ప్యాకేజి. 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ కూడా అంతే, దానిలో డిశ్చార్జి తర్వాత 15 రోజుల ఖర్చు దాకా కలిసి ఉంటుంది. ఈ పథకాల వల్ల గుండె ఆపరేషన్లు చేయించుకున్న పేదవాళ్ళు ఎందరో ఉన్నారు, వాటిని కొట్టిపారేయడం తగదు. కానీ ప్యాకేజి అనేదానికి ఒక మొదలూ ఒక ముగింపూ కావాలి. ముగింపు లేని జబ్బుకి ప్యాకేజి కట్టడం ఎవరికీ రాదు. అలాంటి పేషెంటు మంచం మీద ఉన్న ప్రతి రోజూ కార్పొరేట్ ఆసుపత్రికి నష్టం. ప్రభుత్వ పెద్దాసుపత్రిలోనేమో ఆ మంచం కోసం బయట స్ట్రెచరు మీద ఇంకొకరు ఎదురుచూస్తుంటారు. రెండుచోట్లా మాట ఒకటే అవుతుంది, ఇంటి దగ్గర చూసుకోండి.

డబ్బున్నవాళ్ళకి మార్కెట్ దారి చూపించింది. కొన్నేళ్ళుగా హైదరాబాదులో ఐసియుకీ ఇంటికీ మధ్య దశ కోసమంటూ ప్రైవేటు కేంద్రాలు వెలిశాయి. రోజుకి వేలల్లో ఖర్చు. ఇంటికే నర్సుని పంపే ఏజెన్సీలు ఉన్నాయి. పంపే అమ్మాయిల్లో చాలామంది నర్సింగు చదవనివాళ్ళు, కొద్ది రోజుల శిక్షణతో వచ్చినవాళ్ళు, పన్నెండు గంటలో ఇరవై నాలుగు గంటలో ఒకే ఇంట్లో డ్యూటీ చేసేవాళ్ళు. ఒక స్త్రీ మెడ మీది భారం దించి ఇంకో పేద స్త్రీ మెడ మీద పెట్టడానికి కమీషను తీసుకుంటున్నారు.

ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి పూర్తిగా మంచానికే పరిమితమైన వాళ్ళకి నెలకి 15 వేల రూపాయల పింఛను ఇస్తున్నారు. ఇది చిన్న విషయం కాదు. పల్నాడు ఆమె ఇంట్లో ఇప్పుడు పాలపొడికీ, గొట్టాలకీ, మందులకీ అదే ఆధారం. కానీ ఆ డబ్బు పేషెంటు పేరు మీద వస్తుంది. చూసే మనిషి పనికి వేతనం ఎక్కడా లేదు. కేరళలో ఆశ్వాసకిరణం పథకం కింద సంరక్షకులకే నెలకి 600 రూపాయలు ఇచ్చే ఏర్పాటు చేశారు. ఆ మొత్తం చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు, అయినా చూసే మనిషిని ఒక మనిషిగా రాసుకున్న కాగితం అది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 24వ సెక్షనులో, ఎక్కువ సహాయం అవసరమైన వికలాంగుల కోసం సంరక్షకుల భత్యం గురించి స్పష్టంగా ఉంది. మన జిల్లాల్లో దాన్ని అడిగినవాళ్ళు నాకు ఒక్కరు కూడా తారసపడలేదు. ఉందని తెలిస్తే కదా.

కోర్టుల మాట కూడా చూద్దాం. 1996లో పశ్చిమ బెంగాల్ ఖేత్ మజ్దూర్ సమితి కేసులో సుప్రీంకోర్టు అత్యవసర వైద్యం నిరాకరించడం జీవించే హక్కుని కాలరాయడమే అంది. రైలు నుంచి పడి తలకి దెబ్బ తగిలిన ఒక వ్యవసాయ కూలీని ఒక ప్రభుత్వ ఆసుపత్రి తర్వాత ఇంకొకటి తిప్పి పంపిన కేసు అది. 2018 మార్చిలో గౌరవంగా మరణించే హక్కుని గుర్తించి, చికిత్స ఆపాలంటే ఎన్ని మెడికల్ బోర్డులు చూడాలో, ఎవరు సంతకం చేయాలో పద్ధతి రాసింది, 2023లో దాన్ని సులువు చేసింది. అంటే ఆసుపత్రి గేటు దగ్గర హక్కు ఉంది, చివరి శ్వాస దగ్గర హక్కు ఉంది. మధ్యలో ఉన్న నెలలూ సంవత్సరాల గురించి, గౌరవంగా బతకడానికి కావలసిన నర్సింగు గురించి ఏ పద్ధతీ లేదు. సంరక్షణ దొరకని చోట ఒక తల్లి "వీడ్ని తీసుకుపొమ్మని దేవుణ్ణి వేడుకుంటున్నా" అంటే, దాన్ని ఆమె స్వేచ్ఛగా చేసుకున్న ఎంపిక అనడానికి నాకు నోరు రాదు.

ఇక్కడ మన మిత్రుల నుంచే ఒక అభ్యంతరం వస్తుంది. పోయిన సమావేశంలో ఈ విషయం చర్చకి పెట్టినప్పుడు వచ్చింది కూడా. దీర్ఘకాలం ఉంచే ఆసుపత్రులు అడగడం అంటే, మనుషుల్ని పారేసే చోట్లు అడగడం కాదా? మానసిక వైద్యశాలల్లో జబ్బు నయమైన తర్వాత కూడా ఇంటికి తీసుకెళ్ళేవాళ్ళు లేక ఏళ్ళ తరబడి ఉండిపోయిన స్త్రీలను మనం చూడలేదా? వికలాంగుల ఉద్యమం ఎన్నో ఏళ్ళుగా పోరాడుతున్నది సంస్థల గోడల నుంచి బయటపడడానికి. 2007లో భారతదేశం ఆమోదించిన ఐక్యరాజ్యసమితి ఒప్పందం సమాజంలో కలిసి బతికే హక్కు గురించి చెబుతోంది.

ఈ అభ్యంతరం నన్ను చాలాకాలం ఆపింది. ఇప్పటికీ పూర్తిగా సమాధానపడ్డానని చెప్పలేను. పేషెంటుని తీసుకొచ్చి వదిలేసి ఫోను నంబరు మార్చేసే కుటుంబాలు ఉంటాయి, ఆ పేషెంట్లలో స్త్రీలే ఎక్కువ ఉంటారని నా భయం. కానీ సమాజంలో కలిసి బతకడం అనే మాటకి ఒక మధ్యగది, ఒక మడతమంచం, నిద్రలేని ఒక ఆడమనిషి అని అర్థం చెప్పుకుంటే, ఆ గోడలు కనబడని గోడలే అవుతాయి, లోపల ఉండేది ఇద్దరు అవుతారు. నేను అడుగుతున్నది శాశ్వతంగా ఉంచే చోటు కాదు. ఊపిరి గొట్టం తీయగలిగితే తీసి, మింగడం మళ్ళీ నేర్పి, పుండ్లు మాన్పి, కూర్చోబెట్టి, ఇంట్లో ఎవరు ఏ పని చేయగలరో చూసి నేర్పి, ఆ తర్వాత పంపే వార్డు. పంపాక నర్సు ఇంటికి వచ్చి చూసే ఏర్పాటు. ఇంట్లోవాళ్ళు కుప్పకూలే ముందు మళ్ళీ పదిహేను రోజులు చేర్చుకునే మంచం. ఈ చివరిది నేను కలిసిన స్త్రీలందరూ తమంతట తాముగా అడిగింది. "పది రోజులు ఎవరన్నా చూస్తే నిద్రపోతా" అన్నారు.

ఇది మనకి తెలియని సంగతి కూడా కాదు. మందులు లేని రోజుల్లో క్షయకి నెలలు, ఏళ్ళు ఆసుపత్రిలో ఉండాల్సి వచ్చేది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం, హైదరాబాదు ఎర్రగడ్డలోని ఛాతీ ఆసుపత్రి ఆ కాలపు గుర్తులే. దీర్ఘకాలం ఉండే పేషెంటు కోసం మంచాలు, నర్సులు, వంటశాలలు ఏర్పాటు చేయడం అప్పట్లో అవసరమని ఒప్పుకున్నారు. ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ జిల్లా ఆసుపత్రులను కలుపుకుని కొత్త ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. ప్రతి దానిలో ఇరవై మంచాల దీర్ఘకాల సంరక్షణ వార్డు పెట్టమని అడగడం ఆకాశం దించమనడం కాదు. ఖర్చు రోజుల లెక్కన కట్టాలి, అది కూడా ప్రభుత్వమే నడిపే వార్డుకి. ప్యాకేజిలో ఇంకో గడి చేర్చి ప్రైవేటు ఆసుపత్రులకి అప్పగిస్తే అమెరికాలో 25 రోజుల లెక్క ఏమైందో ఇక్కడా అదే అవుతుంది, ఇంకొంచెం తొందరగా అవుతుంది.

ఆ వార్డుల్లో పనిచేసేది ఎవరు అన్నది కూడా మనమే అడగాలి. ఇప్పుడు ప్రభుత్వ ఆసుపత్రుల్లో నర్సుల పోస్టుల్లో చాలా కాంట్రాక్టు మీద నడుస్తున్నాయి. పేషెంటుని ఎత్తి తిప్పే పని, మలమూత్రాలు తీసే పని ఔట్‌సోర్సింగు ఏజెన్సీ పంపిన స్త్రీలది, వాళ్ళలో ఎక్కువమంది దళితులు. నెలల తరబడి జీతాలు రాక ఆసుపత్రి గేటు ముందు కూర్చున్న వాళ్ళని మనలో చాలామంది చూశాం, కొందరం పక్కన కూర్చున్నాం. కూతురి చేతిలో నుంచి పని తీసి, జీతం అందని ఇంకో కూతురి చేతిలో పెట్టే వార్డు నాకు వద్దు. అరుణా శాన్‌బాగ్ కోసం సమ్మె చేయగలిగిన నర్సులు పర్మనెంటు ఉద్యోగులని గుర్తుంచుకోవాలి. రేపు తీసేస్తారేమోనని భయపడే మనిషి పేషెంటు తరఫున నోరు విప్పలేదు.

మగవాళ్ళ సంగతి అడుగుతారు. నేను కలిసిన ఇళ్ళలో రెండు చోట్ల కొడుకులు, ఒక చోట భర్త మొత్తం పని చేస్తున్నారు. బాగా చేస్తున్నారు. ఊళ్ళో వాళ్ళని దేవుళ్ళంటున్నారు. పక్కింట్లో అదే పని చేస్తున్న కోడలిని ఎవరూ ఏమీ అనడం లేదు.

ఈ సంచిక తర్వాత మూడు నెలల్లో జిల్లాల వారీగా కొంత సమాచారం సేకరించాలని మా సంపాదకవర్గం అనుకుంటోంది. మీరు పనిచేసే మండలాల్లో గొంతు గొట్టంతోనో, ముక్కు గొట్టంతోనో ఇంటికి పంపించిన వాళ్ళుంటే ఆ ఇంటికి వెళ్ళండి. పేషెంటు గురించి అడిగాక, చూసే మనిషి గురించి కూడా అడగండి. ఆమె వయసెంత, ముందు ఏ పని చేసేది, ఎప్పుడు మానేసింది, నిన్న రాత్రి ఎన్నిసార్లు లేచింది, ఆమెకి జబ్బు చేస్తే ఎవరు చూస్తారు. డిశ్చార్జి కాగితం ఫొటో తీయండి, పేరు కనబడకుండా. 24వ సెక్షను కింద భత్యం కోసం దరఖాస్తు రాయించి, అందిన రసీదు ఉంచుకోండి. అవన్నీ వచ్చాక ముందు ఏ రెండు జిల్లా ఆసుపత్రుల దగ్గరికి వెళ్ళాలో కలిసి నిర్ణయించుకుందాం. పల్నాడు ఆమె తను కూడా వస్తానంది, ఆ ఒక్క రోజు మంచం దగ్గర ఎవరన్నా ఉంటే.